మహేంద్రగిరిపై ఒక రాత్రి మకాం

మందస:

శివరాత్రి దగ్గర పడిందంటే మందస, సోంపేట, పలాస, కంచిలి ప్రాంతాల పల్లెల్లో మూటలు కట్టే హడావుడి మొదలవుతుంది. పాత దుప్పటి, టార్చిలైటు, రెండు పూటలకు సరిపడా అటుకులు, బెల్లం, ఒక చెంబు. మూట భుజాన వేసుకుని, చేతికో కర్ర పట్టుకుని జనం మహేంద్రగిరి దారి పడతారు. ఒక పగలు ఎక్కుడు, ఒక రాత్రి జాగారం, మరుసటి పగలు దిగుడు. పట్నాల్లో చదువుకున్న కుర్రవాళ్లు దీనినే ఇప్పుడు ట్రెక్కింగు అనీ, క్యాంపింగు అనీ అంటున్నారు. డేరాలు, నిద్ర సంచులు కొని తెచ్చుకుని మరీ వెళుతున్నారు. పేరు కొత్తది కావచ్చు గాని, కొండ మీద ఆకాశం కింద రాత్రి గడపడం ఈ జిల్లా ప్రజలకు తాతల నాటి అలవాటు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతీయ పార్కు అన్నది లేదు. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండలు మనకు దూరం. కాని అడవిలో నడవాలన్నా, కొండ కొమ్మున రాత్రి వుండాలన్నా మన ముంగిట మహేంద్రగిరి వుంది. దాని ఎత్తు 1,501 మీటర్లు, అంటే సుమారు 4,900 అడుగులు. ఒడిశాలోని ఎత్తయిన శిఖరాలలో ఇదొకటి. సూటిగా కొలిస్తే మందసకు పదిహేను కిలోమీటర్లు, బారువ సముద్రానికి పాతిక కిలోమీటర్లు మాత్రమే. సముద్రానికి ఇంత దగ్గరలో ఇంత ఎత్తయిన కొండ వుండబట్టే గాలీ, మంచూ, వానా అక్కడ విచిత్రంగా వుంటాయి. కింద మందసలో చెమటలు కారుతుంటే పైన శిఖరం మబ్బులో మునిగి వుంటుంది.

తమిళనాడులోనూ ఇదే పేరుతో ఇంకొక మహేంద్రగిరి వుంది. ఇస్రో వారు రాకెట్ ఇంజన్లను పరీక్షించేది అక్కడ. రెండింటినీ ఒకటిగా భావించి పొరబడేవారు లేకపోలేదు.

మన మహేంద్రగిరి పురాణ ప్రసిద్ధం. ఏడు కులపర్వతాలలో ఒకటిగా లెక్క. పరశురాముడు తపస్సు చేసింది ఇక్కడేనని జనం నమ్మకం. పాండవులు ఇక్కడ వున్నారని చెప్పడానికి గుర్తుగా భీముడు, ధర్మరాజు, కుంతి పేర్లతో మూడు పాత రాతి గుడులు వున్నాయి. ఇవి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్న కట్టడాలు. భీముని గుడి మరీ చిత్రమైనది. పెద్ద పెద్ద బండలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు వుంటుంది. చరిత్ర సంగతికి వస్తే, ముఖలింగం రాజధానిగా కళింగాన్ని ఏలిన తూర్పు గాంగరాజులు తమ రాగి శాసనాలలో మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణేశ్వరుని భక్తులమని చెప్పుకున్నారు. నాలుగవ శతాబ్దం నాటి సముద్రగుప్తుని అలహాబాదు స్తంభ శాసనంలో కూడా ఈ కొండ పేరు వుంది. చోళులు ఇంత దూరం వచ్చి కొండ మీద శాసనం చెక్కించి పోయారు.

ఇంతటి కొండ మనది కాకుండా పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు మందస ఇటు వుండిపోయింది, శిఖరం అటు పడింది. నేడు అది గజపతి జిల్లాలో వుంది. పర్లాకిమిడి వైపు నుంచి కొయిన్‌పూర్ మీదుగా మోటారు రోడ్డు వుంది కనుక జీపుల్లో, కార్లలో వచ్చేవారు అటు నుంచి వస్తారు. కాలినడక వారిది మాత్రం మందస దారి. కొండ అటు, కాలిబాట ఇటు. ఇందులోనే చిక్కంతా వుంది. ఆ విషయం తరువాత.

మందస దాటి సాబకోట వైపు సాగితే మొదట జీడిమామిడి తోటలు వస్తాయి. శివరాత్రి నాటికి జీడి పూత మీద వుంటుంది, దాని వాసన దారి పొడవునా ముక్కుకు తగులుతుంది. తోటలు దాటాక సవర గిరిజనుల పల్లెలు. అక్కడి నుంచి చింత, పనస, కరక్కాయ చెట్లు, వాటిని పెనవేసుకున్న అడ్డాకు తీగలు. జీలుగు చెట్లకు కుండలు వేలాడుతూ కనిపిస్తాయి. కళ్లు తాగి కొండెక్కుదామనే వారికి ఒక మాట: ఈ కొండ మత్తును సహించదు. బాట అంతా జారుడు రాళ్లు, వేళ్లు. కాలు మడత పడితే మోసేది మనుషులే.

నడవడంలో అనుభవం వున్నవారిని చూసి నేర్చుకోవలసింది ఎంతో వుంది. తలమీద మోపుతో కొండెక్కే సవర స్త్రీ వేగంగా నడవదు, ఆగదు. పొట్టి అంగలు వేస్తూ ఒకే తీరున పోతుంది. పట్నం కుర్రవాళ్లు మొదటి గంటలో పరుగులు పెట్టి, రెండవ గంటకు చెట్టు మొదట్లో కూలబడతారు. తెల్లవారుజామున బయలుదేరినవారు ఎండ ముదిరేలోగా సగం ఎక్కుడు పూర్తి చేసుకుంటారు. మధ్యాహ్నం బయలుదేరినవారికి చీకటి దారిలోనే పడుతుంది. శివరాత్రి బహుళ చతుర్దశి కాబట్టి ఆ రాత్రి వెన్నెల వుండదు. తొలిసారి వెళ్లేవారు ఈ చిన్న సంగతి మరచిపోతారు. సెల్‌ఫోను లైటు నమ్ముకుంటే అర్ధరాత్రికి ఫోనూ చస్తుంది, లైటూ ఆరుతుంది. టార్చి వేరే వుండి తీరాలి.

ఎలుగుబంట్ల భయం కూడా తీసిపారేసేది కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగు దాడి చేసి ప్రాణం తీసిన ఉదంతం ఉద్దానం వారు ఇంకా మరువలేదు. గుంపుగా, మాట్లాడుకుంటూ నడిచేవారి జోలికి ఎలుగు సాధారణంగా రాదు. పొదల మలుపులో మనిషి హఠాత్తుగా ఎదురైతేనే అది బెదిరి మీద పడుతుంది. అందుచేత ఒంటరిగా, నిశ్శబ్దంగా పోవడం కంటే పాట పాడుతూ పోవడమే మేలు. తిండి మూటలు తల కింద పెట్టుకుని పడుకోకుండా, పడకకు దూరంగా కొమ్మకు వేలాడదీయాలి.

పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివవుతాయి. శిఖరం చేరువలో చెట్లు తగ్గి గడ్డి మైదానాలు వస్తాయి. అక్కడ గాలి మొదలవుతుంది. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుంది. ఆ లెక్కన బారువ ఒడ్డు కంటే శిఖరం మీద తొమ్మిది పది డిగ్రీలు తక్కువ. దానికి గాలి తోడైతే, చెమటతో తడిసిన చొక్కా ఒంటికి అంటుకుని వణుకు పుట్టిస్తుంది. తెలిసినవారు ఎక్కడం పూర్తికాగానే తడి చొక్కా విప్పి, మూటలోని పొడి చొక్కా వేసుకుంటారు. తెలియనివారు రాత్రంతా మంట పక్కన గొంతుక్కూచుంటారు.

ఆ రాత్రి కొండ మీద దృశ్యం చూసి తీరవలసిందే. గుడుల చుట్టూ, గడ్డి మీద, బండల చాటున ఎక్కడ చూసినా గుంపులు గుంపులుగా జనం. ఒకచోట తెలుగులో భజన, దాని పక్కనే ఒడియా కీర్తన, కాస్త ఎడంగా సవరల డప్పు. వరుస కలుపుకుని అన్నా, అక్కా, మామా అని పిలుచుకోవడం తప్ప ఎవరిది ఏ వూరో ఎవరూ అడగరు. ఒకరి అటుకులు ఒకరు తింటారు. ముసలివారికి బండ చాటు చోటు వదులుతారు. మంచు దిగితే పక్క గుంపు మంట కూడా కనబడదు, పాట మాత్రం వినపడుతుంది. వెన్నెల లేనందున మంచు విడిన క్షణంలో చుక్కలు చేతికి అందేటట్టు వుంటాయి.

తూర్పు తెల్లబారే వేళకు నిద్రపోయినవారిని కూడా తట్టి లేపుతారు. ఆకాశం నిర్మలంగా వున్న రోజున ఎదురుగా సముద్రం వెండి గీతలా కనిపిస్తుంది, దానిలోంచి సూర్యుడు లేస్తాడు. కింద చెరువులన్నీ ఒక్కొక్కటిగా మెరుస్తాయి. రాత్రంతా చలికి తిట్టుకున్నవాడు కూడా ఆ సమయానికి నోరు మూసుకుని నిలబడిపోతాడు.

ఇంతవరకు బాగానే వుంది. జనం దిగిపోయిన తరువాత కొండ సంగతి ఏమిటన్నది ప్రశ్న.

శివరాత్రి నాటికి శీతాకాలం వెళ్లి గడ్డి ఎండి వుంటుంది. కొండచీపురు కోతకు వచ్చేదీ అదే సమయం. సంక్రాంతి మొదలు మార్చి వరకు సవరలు కొండచీపుర్లు కోసి, కట్టలు కట్టి సంతకు తెస్తారు. గిరిజన సహకార సంస్థ కూడా వీటిని కొంటుంది. చింతపండు, అడ్డాకులు, చీపుర్లు, వీటి మీద వచ్చే రూకలతోనే వేసవి గడిచే ఇళ్లు వున్నాయి. ఆర్పకుండా వదిలిన ఒక్క చలిమంట గాలికి లేచి గడ్డిని అందుకుంటే, జాగారం చేసినవాడు ఇంటికి చేరి నిద్రపోయే వేళకు ఒక పల్లె చీపురు పంట బూడిద కావచ్చు. పోడు చేసే గిరిజనులే అడవులు కాలుస్తారని నింద వేయడం కింది వారికి అలవాటు. పోడుకు నిప్పు పెట్టే గిరిజనుడు చుట్టూ గడ్డి చెక్కి, గాలి చూసి మరీ పెడతాడు. దేవుని పేర వచ్చినవాడు ఏదీ చూడడు.

రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారమూ, 1972 ఒడిశా అటవీ చట్టం ప్రకారమూ నేరమే. చట్టం సంగతి అలా వుంచితే, చలికి మంట వేసుకోక తప్పదనుకునేవారు గుడుల దగ్గర ఇదివరకే మాడి వున్న చోటులోనే, అటవీ సిబ్బంది చూపించిన స్థలంలోనే వేసుకోవాలి. పచ్చికొమ్మ నరకరాదు. లేచేముందు నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోసి, బూడిద మీద అరచెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి కాలకపోతే మంట ఆరినట్టు. అసలు రెండు దుప్పట్లు మోసుకుపోతే మంటే అక్కరలేదు.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. మహేంద్రగిరి గెడ్డలు కలిసి మహేంద్రతనయ నదిగా మారి, సోంపేట ప్రాంతం మీదుగా బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. శివరాత్రి నాటికి ఈ గెడ్డలు సన్నబడి దారాల్లా పారుతూ వుంటాయి. వేలాది మంది స్నానాలు, సబ్బులు, దొడ్డికి వెళ్లడం అన్నీ ఆ సన్నటి ధార పక్కనే జరిగితే, ఆ నీరే కింద పల్లెల్లో తాగునీరు అవుతుంది. పైన మైలపడిన నీటి ఫలితం కింద పిల్లల విరోచనాలలో తెలుస్తుంది. గెడ్డకు రెండు వందల అడుగుల ఎడంగా వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, మట్టి కప్పి రావడం పెద్ద కష్టం కాదు. యాత్రికుడు కూడా గెడ్డ నీరు కాచి గాని, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి గాని తాగాలి.

ఇక ప్లాస్టిక్కు. పూర్వం కొండపైకి వెళ్లినవన్నీ ఆకు దొన్నెలు, అడ్డాకు విస్తళ్లు. ఒక్క వానకు మట్టిలో కలిసిపోయేవి. ఇప్పుడు నీళ్ల సీసాలు, బిస్కెట్ల కాగితాలు, గుట్కా పొట్లాలు. అడ్డాకు తీగల మధ్యనుంచి నడిచి వెళ్లి ప్లాస్టిక్కు పళ్లెంలో ప్రసాదం తినడం విడ్డూరం కాక మరేమిటి? పైకి మోసినవాడికి, ఖాళీ అయిన సీసా కిందికి తేవడం బరువవుతుందా?

2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఈ కొండపై పదమూడు వందలకు పైగా మొక్కల జాతులు వున్నట్టు ఆ సందర్భంలో వెల్లడైంది. ఈ ప్రకటనను విని, రేపు పార్కు పేరు చెప్పి కట్టెపుల్ల ఏరుకోనివ్వరేమో, పశువులను తోలనివ్వరేమో, శివరాత్రికి కూడా అడ్డుకుంటారేమో అన్న అనుమానం కొండ చుట్టుపక్కల పుట్టడం సహజమే. ఈ భయానికి కారణం వుంది. 1940 ఏప్రిల్ 1న ఇదే మందస జమీందారీలోని గుడారి రాజమాణిక్యపురంలో, అడవి నుంచి కలప తెచ్చుకునే హక్కు కోసం రైతులు నిలబడితే పోలీసులు కాల్పులు జరిపారు. సాసుమాన గున్నమ్మ, మరికొందరు నేలకొరిగారు. వీరగున్నమ్మగా ఆమెను నేటికీ జిల్లా తలచుకుంటున్నది. పరదేశాల్లోనూ ఇంతే. ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కుగా అమెరికాలో 1872లో ఎల్లోస్టోన్ ఏర్పడినపుడు, అంతకు ముందు తరతరాలుగా అక్కడ వేటాడుకుని బతికిన ఆదివాసులను కాలక్రమాన బయటకు పంపించివేశారు.

కాని ఇక్కడ తేడా గమనించాలి. జాతీయ పార్కు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందకు వస్తుంది. అందులో అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు, పశువులను మేపరాదు. వారసత్వ స్థలం 2002 జీవవైవిధ్య చట్టం కిందకు వస్తుంది. స్థానిక సంస్థలను సంప్రదించి ప్రకటించాలి. అక్కడి జనం వాడుకలపై వారు తమంతట తాము ఒప్పుకున్నవి తప్ప వేరే ఆంక్షలు పెట్టరాదన్నది దాని మార్గదర్శక సూత్రం. అంటే గిరిజనుని చీపురుకు, యాత్రికుని జాగారానికి ఈ ప్రకటన వల్ల ఆటంకం లేదు. అయితే యాత్రికులే కొండను తగలబెట్టి, చెత్తతో నింపితే, రేపు కఠినమైన కట్టడి కావాలనేవారికి అంతకంటె మంచి సాకు దొరకదు. అప్పుడు నష్టపోయేది ఒక్క రాత్రి వచ్చి పోయినవాడు కాడు, ఏడాది పొడవునా అక్కడే బతుకుతున్న సవర.

ఇదిలా వుండగా, శివరాత్రి కాని రోజుల్లో డేరాలు వేసుకుని రాత్రి గడపడానికి వచ్చే యువకుల సంగతి వేరు. పండుగ నాడు పదిమంది వుంటారు. మామూలు రోజున ఆపద వస్తే అడిగే దిక్కు వుండదు. అటవీ శాఖ అనుమతి తీసుకోవడం, పల్లెలో తెలిసినవారికి చెప్పి వెళ్లడం, దారి ఎరిగిన సవర యువకునికి కూలి ఇచ్చి వెంట తీసుకుపోవడం, ఈ మూడూ చేయవలసిన పనులు. ఆ కూలి డబ్బు పల్లెలో మిగులుతుంది, దారీ తప్పదు. వర్షాకాలంలో కొండ అందంగా వుంటుందని వెళ్లేవారు జలగలకు, పిడుగులకు కూడా సిద్ధపడి వెళ్లాలి. వురిమినపుడు శిఖరం మీద గాని, ఒంటి చెట్టు కింద గాని నిలబడరాదు. గెడ్డ పక్కన ఇసుకలో డేరా వేసి పడుకుంటే, పైన ఎక్కడో కురిసిన వానకు అర్ధరాత్రి నీరు మీదికి వస్తుంది.

దోమలను చాలామంది లెక్క చేయరు. ఏజెన్సీ మలేరియా సామాన్యమైనది కాదు, మెదడుకు ఎక్కే రకం. దోమ కుట్టిన పది రోజులకో, రెండు వారాలకో, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగానో జ్వరం వస్తుంది. అప్పటికి కొండ సంగతి మనిషి మరచిపోతాడు. వైద్యునికీ చెప్పడు, ఆయనా మామూలు జ్వరం మందు ఇస్తాడు. కొండ నుంచి వచ్చిన నెల లోపల చలిజ్వరం వస్తే, మహేంద్రగిరి వెళ్లి పడుకున్నామని చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. డేరాకు వేలు పోసేవారు దోమతెరకు వందలు వెచ్చించలేరా?

ఇప్పుడు మొదట అన్న చిక్కు దగ్గరకు వద్దాము. కాలిబాట మొదలయ్యేది శ్రీకాకుళం జిల్లాలో, ముగిసేది గజపతి జిల్లాలో. మధ్యలో ఎవరికైనా గుండె పట్టేస్తేనో, కాలు విరిగితేనో ఆ మనిషి ఎవరి బాధ్యత? 108 నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. కాని అంబులెన్సు వచ్చేది రోడ్డు వున్నంత వరకే. అక్కడి నుంచి డోలీయే గతి. దుప్పటిని వెదురు కర్రకు కట్టి, ఇద్దరు ముందు, ఇద్దరు వెనుక మోసుకుంటూ దిగేది ఆ సవర యువకులే. వారి ఇళ్లలో గర్భిణులను మోసిన డోలీలోనే యాత్రికుణ్ణి కూడా మోస్తారు.

శివరాత్రికి నెల ముందుగా రెండు జిల్లాల కలెక్టర్లు, అటవీ అధికారులు, పోలీసులు ఒకచోట కూర్చుని బాట వెంట ఏ మజిలీ వరకు ఎవరు చూసుకోవాలో నిర్ణయించుకోవడం అసాధ్యమైన పని కాదు. బాట మొదట్లో ఒక బల్ల వేసి, పైకి పోయేవారి పేర్లు రాసుకుని, దిగినపుడు కొట్టివేస్తే ఎవరు పైన చిక్కుకుపోయారో వెంటనే తెలుస్తుంది. అదే బల్ల దగ్గర ప్లాస్టిక్కు సీసాలు లెక్కపెట్టి, సీసాకు పది రూపాయలు జమ కట్టించుకుని, తిరిగి తెచ్చినపుడు ఇచ్చివేయవచ్చు. తేనివారి డబ్బు బాట శుభ్రం చేసిన పల్లె యువకులకు ఇవ్వవచ్చు. సగం దారిలో కాచిన నీటి డ్రమ్ములు రెండు, ప్రథమ చికిత్స పెట్టెతో ఒక ఆరోగ్య కార్యకర్త, నాలుగు డోలీలు సిద్ధంగా వుంచితే కొంతవరకు మేలు. ప్రసాదానికి ఆకు దొన్నెలనే వాడాలని నియమం పెడితే సవర స్త్రీలకు ఆ నాలుగు రోజులు అమ్మకమూ వుంటుంది.

దిగుడు ఎక్కుడు కన్నా కష్టం. మోకాళ్లు వణుకుతాయి, బొటనవేళ్లు చెప్పుల్లో గుద్దుకుంటాయి. ఎండ నెత్తికెక్కే వేళకు జీడితోటల నీడలోకి చేరినవారు అక్కడే ఒక కునుకు తీస్తారు. మందస బజారుకు వచ్చేసరికి అందరి నోటా ఒకటే మాట, కోవా ఎక్కడ కొందామని. మందస కోవా పొట్లం కట్టించుకుని, వీలున్నవారు వాసుదేవ పెరుమాళ్ల గుడిలో ఒక దండం పెట్టుకుని, మిగిలినవారు నేరుగా మందస రోడ్డు స్టేషనుకో, బస్సుకో కుంటుకుంటూ నడుస్తారు. బస్సు కిటికీలోంచి వెనక్కి చూస్తే కొండ మళ్లీ మబ్బులో వుంటుంది.